పాటలో వినపడని భాగం

కోటిలింగం దేన్నయినా బాక్సుల్లో కొలిచే మనిషి. ఫలానా ఊళ్ళో పెళ్ళి ఎలా జరిగిందని అడిగితే ఆరు బాక్సుల పెళ్ళి అంటాడు. మామూలు పెద్దకర్మ రెండు బాక్సులు. మంత్రి సభ ఇరవై నాలుగు. కొండమిట్టలో అతను సౌండ్ సర్వీసు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది. మొదటి నాలుగు బాక్సులూ రెండు ఆంప్లిఫయర్లూ అతని భార్య నాగరత్నం పలుగురాయి మిల్లులో తొమ్మిదేళ్ళు, గాజు తయారీకి పోయే తెల్లపొడి సంచులు నింపితే వచ్చినవి. ఆ సంగతి అతనెప్పుడూ దాచలేదు. "మా ఆవిడ మిల్లుకు పోయింది, నేను మైకు పట్టుకున్నా. బేరం కుదిరింది" అని నలుగురిలోనూ నవ్వుతూ చెప్పేవాడు.

ఆ బేరంలో తాను ఏమి ఇచ్చుకున్నాడో అతనికి తెలిసింది కూతురు అంజని వైజాగ్ నుంచి పట్టీ తెచ్చిన రోజున.

అంజని అక్కడొక పరిశోధనశాలలో పనిచేస్తోంది. పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పున, నల్లగా, లోపలివైపు చిన్న చిన్న బిళ్ళలతో ఉంది. నాగరత్నం పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఆ ఏడాదంతా గోడౌన్ వరండాలో కుర్చీలోనే ఉండేది. కూతురు వంగి పట్టీని ఆమె రొమ్ము చుట్టూ బిగించింది.

"ఇదేందే, బెల్టా?"

"ఊపిరి బెల్టమ్మా. నువ్వు మామూలుగా పీల్చు, చాలు."

"మామూలుగా పీల్చేదాన్నయితే నీ బెల్టెందుకే!"

పక్కనే వైర్లు చుడుతున్న ఆపరేటర్ మస్తాన్ గట్టిగా నవ్వాడు. నాగరత్నం కూడా నవ్వబోయింది గానీ దగ్గు అడ్డొచ్చింది.

ఒక్క నిమిషం ఆ పట్టీ ఆమె రొమ్ము కండరాల పాట్లన్నీ రాసుకుంది. అంజని దాన్ని 'అచ్చు' అంది. రోగి ఆయాసంగా ఉందంటే డాక్టరు కాగితం మీద రాసుకుంటాడే గానీ ఆయాసం ఎట్టా ఉంటుందో ఆయనకు తెలియదు. ఈ అచ్చును చెవికి అందనంత కింది శబ్దంగా మార్చి పెద్ద బాక్సులోంచి వదిలితే, ఎదురుగా నిలబడ్డవాడి రొమ్ము కూడా అదే లెక్కన ఆడుతుంది. డాక్టర్ల చదువు కోసమని అంజని వాళ్ళ మేడం పదేళ్ళు కష్టపడి తయారు చేసిందట.

"మా ల్యాబులో ఉన్న బాక్సు చిన్నది నాయనా. నీ దాంట్లో చూద్దామని తెచ్చా."

కోటిలింగం మొదట తన సరుకును తలుచుకున్నాడు. "వినపడని శబ్దం బాక్సును తినేస్తదమ్మా. మా లైనులో మిక్సరు ఆన్ చేస్తానే మొదట నొక్కేది లో కట్టు బటనే. కిందిదంతా కోసేస్తాం."

"ఒక్క నిమిషమే. కాలిపోతే కొత్తది కొనిస్తా."

సరేనని పెద్ద బేస్ బాక్సు ముందు నిలబడ్డాడు. అంజని బటన్ నొక్కింది. చెవికి ఏమీ వినపడలేదు. బాక్సు గుడ్డ మాత్రం లోపల ఎవరో ఒత్తుతున్నట్టు లేచి పడుతోంది. అంతలో అతను పీల్చిన గాలి మెడ ఎముక దాకా పోయి ఆగిపోయింది. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ అక్కడికే. లోపల ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టుంది. వదులుదామంటే వదలడానికి లోపల ఏమీ లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి బల్లను వెతుక్కుంది.

"ఆపు... ఆపు!"

అప్పటికి యాభై సెకన్లు. ఇంకో పది మిగిలే ఉన్నాయి.

గాలి మళ్ళీ లోపలికి దిగాక అతను వరండాలోకి వెళ్ళి భార్య ముందు నిలబడ్డాడు.

"రత్తం, రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంత ఉండదులే. వానాకాలం ఎక్కువ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పా. దగ్గుమందు తెచ్చిచ్చావు."

ఎత్తిపొడుపు కాదు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. కోటిలింగం నిమిషాన్ని రోజుతో, రోజును ఏడాదితో హెచ్చవేయడం మొదలుపెట్టాడు. నోటిలెక్కలో అతన్ని మించినవాడు బజారులో లేడు. ఆ హెచ్చవేత మాత్రం సగంలో వదిలేశాడు.

అంజని పాటలు పాడుతుందని ఇంట్లో తెలుసు. డ్రమ్ములకు యోహాను, బేస్ గిటారుకు రఫీ. ముగ్గురూ కలిసి 'దుమ్ము' అని ఒక జట్టు కట్టారు. మిల్లు మీద పాట కడుతున్నాననీ, అమ్మ ఊపిరి అచ్చును ఆ పాట అడుగున పెడతాననీ అంజని చెప్పినప్పుడు నాగరత్నం కూతురి వైపు తిరిగింది.

"నా ఊపిరి పాటలో పెడతావా? పెట్టు. నేనెట్టాగూ పాడలేను."

పట్టీ కట్టిన పదకొండో రోజు మధ్యాహ్నం, అన్నం కలిపిన పళ్ళెం ఒళ్ళో ఉండగానే ఆమె పోయింది.

*

పెద్దకర్మ అయ్యాక గోడౌన్‌లో పాట సాధన మొదలైంది. కోటిలింగం ఒకరోజు తలుపు దగ్గర నిలబడి మూడు నిమిషాలూ విన్నాడు. మూడే మూడు గిటారు మెట్లు, నేలను గుద్దినట్టు డ్రమ్ములు, వాటి మీద కూతురి కేక. అచ్చు అప్పటికింకా కలపలేదు.

"తెల్లగా ఉందని మెచ్చిన గాజు
మా అమ్మ రొమ్ములో రుబ్బిన పొడి!
పీల్చు! ఓ సారూ, పీల్చు!
తొమ్మిదేళ్ళు ఆమె పీల్చింది
ఒకటే నిమిషం నువ్వూ పీల్చు!"

"ఇది పాటా, పంచాయితీనా?" అన్నాడు.

"పంక్ అంటారు నాయనా. ఇందులో తీయగా పాడితే తప్పు."

"అయితే మీకు తిరుగు లేదు."

కూతురు చాలా రోజుల తర్వాత నవ్వింది. అచ్చు పరిశోధనశాల సొత్తనీ, దాన్ని గడప దాటించడానికి తనకు హక్కు లేదనీ ఆమె తండ్రికి చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఏ సరుకయినా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగే మనిషి ఇంటి సరుకు గురించి అడగలేదు.

మిల్లును రెండింతలు చేస్తామని యజమానులు దరఖాస్తు పెట్టారు. అధికారులు హైస్కూలు మైదానంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఆ సభకు మైకు సెట్టు కోటిలింగానిదే. ఆరు వందల మందికి ఎనిమిది బాక్సులు. ఊళ్ళో ఎవరయినా పేరు రాయించుకుని మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. అంజని రాయించుకుంది. వంతు రాగానే జట్టుతో వేదిక ఎక్కింది.

మస్తాన్ చెయ్యి అలవాటుగా లో కట్టు బటన్ మీదకు పోయింది. కోటిలింగం ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఇయ్యాళ వద్దు మస్తానూ. వదిలెయ్."

"బాక్సులు పోతయ్యన్నా!"

"పోనీ."

రెండో చరణంలో అచ్చు మొదలైంది. వేదిక కింద, బాక్సులకు ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న పెద్దాఫీసరు నీళ్ళ సీసా అందుకోబోయి రొమ్ము పట్టుకున్నాడు. మిల్లు మేనేజరు లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలియనట్టు నోరు తెరిచాడు. మైదానం మైదానమంతా ఒకే మనిషిలాగా మెడ సాచింది. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు గేటువైపు పరుగెత్తారు. నిమిషం అయిపోయింది. ఆరు వందల మంది ఒక్కసారిగా గాలి పీల్చిన చప్పుడు డ్రమ్ముల మీదుగా వినిపించింది.

ముందు వరసలో మిల్లు మానేసిన ముసలమ్మలు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళు కదల్లేదు. "ఏందంట వీళ్ళందరికీ? మాకేం తెలవలేదే" అంది వాళ్ళలో ఒకామె. కోటిలింగానికి ఆ ముక్క ఎనిమిది బాక్సుల కంటే గట్టిగా వినిపించింది.

కానీ అంతలో వెనక వరసలో కేకలు లేచాయి. సాంబయ్య మాస్టారు కుర్చీలోంచి పక్కకు ఒరిగి ఉన్నారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, గుండె జబ్బు ఉంది. జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. మిల్లుకు వ్యతిరేకంగా మాట్లాడదామని రాసుకొచ్చినది. మూడో రోజున ఆస్పత్రిలో పోయారు.

*

ఆ తర్వాత పాట దాని దారిన అది పోయింది.

సభలో ఎవరో ఫోనులో పట్టింది తెల్లారేసరికి రాష్ట్రమంతా పాకింది. ఫోను బుల్లి స్పీకరులో ఆ కింది శబ్దం రాదు. ఊపిరి వాళ్ళకు అందలేదు, కేకలే అందాయి. "ఏముంది ఇందులో, గొంతు చించుకోవడం తప్ప" అన్నవాళ్ళు కొందరు. "ఇన్నాళ్ళకి నిజం పాడిన పిల్ల" అన్నవాళ్ళు కొందరు. టీవీలో కూర్చున్న ఒకాయన ఇది పాట కాదు, ఆయుధమన్నాడు. ఎదుటాయన, మిల్లు నలభై ఏళ్ళుగా వాడుతున్నదేమిటి మరి అన్నాడు. ఇద్దరూ మైదానానికి రాలేదు. వచ్చినవాళ్ళు కొండమిట్ట టీ కొట్ల దగ్గర కొట్టుకున్నంత పని చేశారు. హాస్టలు కుర్రకారు ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో చూద్దామని 'పీల్చు పందెం' పెట్టుకున్నారు.

మిల్లు దరఖాస్తు వాయిదా పడింది. దక్కింది అదొక్కటే. పోయినవి చాలా ఉన్నాయి. మాస్టారి చావు కేసులో అంజనిని రిమాండుకు పంపారు. పరిశోధనశాల వాళ్ళు పట్టీల పని మొత్తం ఆపేసి, ఉన్న అచ్చులన్నీ తుడిచేశారు. మేడం ఉద్యోగం పోయింది. ఆమె ఒకసారి కోటిలింగానికి ఫోను చేసింది.

"మీ అమ్మాయిని తిట్టడానికి చెయ్యలేదండీ. మా నాన్నగారు కూడా ఆయాసంతోనే పోయారు. అందుకే మొదలుపెట్టాను ఈ పని. అది చెప్దామని..." అని పెట్టేసింది.

సభ అయిన ఇరవయ్యో రోజున సి.ఐ. అతన్ని స్టేషనుకు పిలిపించాడు. లోపల మాస్టారి కొడుకు కూర్చుని ఉన్నాడు. పక్క మండలంలో ఎరువుల కొట్టు. కోటిలింగం చేతులు జోడించాడు. అతను చూపు తిప్పుకున్నాడు.

"ఈయన బెయిలుకు అడ్డు చెప్పనంటున్నాడు కోటిలింగం. ఒక షరతు ఉంది" అన్నాడు సి.ఐ.

మాస్టారి కొడుకు గోడ చూస్తూనే మాట్లాడాడు. "మీ అమ్మాయి మీద నాకు పగ లేదు. మా నాన్న బతికుంటే ఆమె వైపే మాట్లాడేవాడు. పాట పాడుకోమనండి. ఊరూరా పాడుకోమనండి. ఆ ఊపిరి మాత్రం ఎక్కడా ఉండకూడదు. ఇంకొకళ్ళ నాన్న పోకూడదు."

"జట్టు దగ్గర పట్టుకుని స్టేషన్లో పెట్టినయి మేం తుడిచేస్తాం. ల్యాబు వాళ్ళవి పోయినయి. ఇక నువ్వు పాటలు పెట్టే మిషన్లో ఉన్నది. కింది శబ్దం కోసేసిన పాట ఒకటి తెచ్చి నాకియ్యి. కోర్టులో అదే పాట అని పెడతాం" అన్నాడు సి.ఐ.

ఆ అడిగింది మిల్లు మేనేజరయితే కోటిలింగం పోట్లాడేవాడు. తండ్రిని పోగొట్టుకున్నవాడితో పోట్లాడలేకపోయాడు. తలూపాడు.

దారిలో అతని బుర్ర పనిచేసింది. అడిగినవాళ్ళకు పొట్టు ఇద్దాం, గింజ మన దగ్గరే ఉంచుదాం. కోసిన పాట పోలీసులకు, కొయ్యనిది తన మిషన్లో ఎవరికీ చూపకుండా. బాక్సు పెట్టి మోగిస్తే గదా ప్రమాదం! లోకంలో రత్తం ఊపిరి అదొక్కటే మిగిలింది. అంజని బయటికి వచ్చాక తలుపులేసి ఆ ఒక్కదానికీ వినిపిస్తే చాలు. ఈ ఏర్పాటు అతనికి బాగా నచ్చింది.

గోడౌన్‌లో కూర్చుని మిషన్లో పాట తెరిచాడు. నలభై హెర్ట్జ్‌కి కింద ఉన్నదంతా కోశాడు. ఎంతో మంది చేత శెభాష్ అనిపించుకున్న చెయ్యి అది. గిటారు గిటారుగా, కేక కేకగా మిగిలాయి. ఇక దాయాలి.

కోటిలింగం సర్వీసులో ఒక కట్టడి ఉంది. ఒక పాటకు మిషన్లో ఒకటే ప్రతి ఉండాలి. ఏళ్ళ క్రితం ఒక పెళ్ళిలో ఒకే పేరుతో రెండు ఉంటే, తాళి కట్టే వేళకు శవయాత్ర కోసం పెట్టుకున్న సన్నాయి మోగింది. పెళ్ళివారు మస్తాన్‌ని స్తంభానికి కట్టేశారు. ఆనాటి నుంచి ఏ పాట బాగుచేసినా పాతదాని మీదే కొత్తది రాసేయడం. పాతదాని మీద రాయనా అని మిషన్ అడుగుతుంది. బొటనవేలు అవునని నొక్కుతుంది. వేల పాటలకు నొక్కిన వేలు.

నొక్కింది.

కోసిన పాట స్టేషన్లో ఇచ్చి వచ్చాడు. మనసు తేలికై, అసలుది భద్రంగా ఉందో లేదో చూద్దామని మిషన్ పెట్టాడు. పేరు ఒకటే కనిపించింది. మోగించాడు. రెండో చరణం వచ్చింది. రొమ్ము కదల్లేదు. వాల్యూము పెంచాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టి, బాక్సుకు రొమ్ము ఆనించి నిలబడ్డాడు. పైరేకులు గలగలలాడాయి. మస్తాన్ పరుగెత్తుకొచ్చాడు. కోటిలింగానికి హాయిగా, ధారాళంగా ఊపిరి ఆడుతోంది.

"ఏందన్నా?"

"రత్తం పోయింది మస్తానూ" అన్నాడు.

వదిన పోయి మూడు నెలలయింది గదా అని మస్తాన్ అతని మొహంలోకి చూశాడు. చూసి, మిషన్ వైపు తిరిగి, కింద కూర్చుండిపోయాడు. తెలిసినవాళ్ళ చేత ఆ మిషన్ విప్పించారు. తుడిచినది తిరిగి రావచ్చు గానీ పైన రాసేసినది రాదన్నారు.

కోటిలింగాన్ని ఇంకొకటి కూడా తినేస్తోంది. ఆ మొదటి రోజు తర్వాత అచ్చును అతను ఒక్కసారి కూడా ఒంటరిగా పెట్టుకుని వినలేదు. సభ రోజున కూడా బాక్సుల వెనక నిలబడ్డాడు. అక్కడికి అది అంతగా రాదు. ఆ బొటనవేలు మర్చిపోయి నొక్కిందా, తెలిసే నొక్కిందా? సరుకు తూచినట్టు ఎన్నిసార్లు తూచినా ముల్లు నిలవడం లేదు.

*

కోసిన పాట స్టేషన్లో ఇచ్చిన ఆరో రోజు ఉదయం అంజని బెయిలు మీద వచ్చింది. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. తండ్రి నడిపే ట్రాలీ ఆటోలో పక్కన కూర్చుని, తెచ్చిన ఇడ్లీలు మొత్తం తినేసింది.

"ఏం నాయనా, ఊళ్ళో నన్ను తిడుతున్నారా, పొగుడుతున్నారా?"

"రెండూను."

"ఏది ఎక్కువ?"

"పొద్దున పూట తిడతారు. సాయంత్రానికి పొగుడుతారు."

ఊరి మొదట్లో పెళ్ళి ఊరేగింపు అడ్డొచ్చింది. పన్నెండు బాక్సుల బండి, వేరే ఊరి సర్వీసు. దాని ముందు పెళ్ళికొడుకు స్నేహితులు చెమటలు కారుస్తూ ఎగురుతున్నారు. మోగుతున్నది 'పీల్చు'. కోర్టు నుంచి బయటికి పొక్కిన ఆ కోసిన పాటే ఇప్పుడు ఎక్కడ చూసినా. దానికొక స్టెప్పు కూడా పుట్టింది. 'పీల్చు' అన్నప్పుడల్లా రొమ్ము రెండు చేతులతో పట్టుకుని, నాలుక బయటపెట్టి, మోకాళ్ళ దాకా వంగి లేవడం. ఐదారేళ్ళ పిల్ల ఒకతె పెద్దవాళ్ళ కంటే బాగా చేస్తోంది.

అంజని చాలాసేపు చూసింది.

"స్టెప్పు బాగుంది" అంది.

కోటిలింగం హారన్ కొట్టాడు. ఎవరూ తప్పుకోలేదు.

"మైదానంలో ఉన్నవాళ్ళు కూడా ఆడుతున్నారు నాయనా. ఆ ఎర్ర చొక్కా అతను, చూడు, గేటు దగ్గర పడిపోయినాయన. ఇందులో అమ్మ లేదుగా. అందుకే ఆడగలుగుతున్నారు. పోనీలే. ఇంటికి పోదాం, అసలుది పెట్టు. లోపల ఉన్నన్నాళ్ళూ నేను ఏడవలేదు. ఇంటికొచ్చి అమ్మ ముందు ఏడుద్దామనుకున్నా."

కోటిలింగం రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉంచి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదని తెలుసు. పాట హోరులో చెబితే సగం వినపడకుండా పోతుంది. చెప్పలేదు.

గోడౌన్‌లోకి రాగానే అంజని చెప్పులు విప్పి, పెద్ద బేస్ బాక్సు ముందు నిలబడింది. కళ్ళు మూసుకుంది.

"పెట్టు నాయనా."

అతను కదల్లేదు.

"మిషన్ ఆన్ కాలేదా?"

"లేదమ్మా."

"ఏది లేదు?"

"అది లేదు. కోసినదాన్ని దాని మీదే రాసేశా."

అంజని కళ్ళు తెరిచింది. ముందు నమ్మలేదు. అతని మొహం చూశాక నమ్మింది.

"కావాలనే చేశావా?"

కాదని చెప్పడానికి అతను నోరు తెరిచాడు. ఇరవై ఆరేళ్ళ వ్యాపారంలో సరుకు గురించి అబద్ధమాడింది ఎన్నోసార్లు. ఇప్పుడు నోట్లోంచి వచ్చింది వేరే. "తెలవదమ్మా."

ఆమె అరవలేదు. అరుపు అంతా పాటలో పెట్టేసినట్టుంది. బాక్సు మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత చిన్నపిల్లలాగా అడిగింది.

"పట్టీ తెచ్చిన రోజు నువ్వు విన్నావు గదా. నేను మీటలు చూసుకుంటా ఒక్కసారి కూడా బాక్సు ముందు సరిగ్గా నిలబడలేదు నాయనా. పాటలో పెట్టేప్పుడు కూడా తెర మీద గీతలే చూశా. ఎట్టుండేది? నువ్వు చూపించు."

కోటిలింగం ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. నాగరత్నం లాగా భుజాలు రెండూ పైకెత్తాడు. నోరు సగం తెరిచి, మెడ ముందుకు సాచి, గాలి పీల్చాడు. మెడ ఎముక దగ్గర ఆపుదామని చూశాడు. అంజని పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసి ఎదురుచూస్తోంది.

ఆగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. పంటి బిగువున పట్టాడు, మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకొంచెం, అక్కడే, అక్కడ దాకానే. కానీ ఎన్నడూ మిల్లు గడప తొక్కని ఊపిరితిత్తులు అవి. ఒక్కసారిగా తెరుచుకుని, గాలి అడుగు దాకా నిండుగా, చల్లగా దిగిపోయింది.